గాలిరోజు సైగలు

పోయిన వారం నా మనవరాలు ఫోను తెచ్చి నా ముక్కుకింద పెట్టి, మా తాతల కాలంలో ఎప్పుడో అమెరికాలో బేస్‌బాల్ ఆడిన ఒక జట్టు కథ చూపించింది. ఆ ఏడాది ఆ జట్టుకు ఎదురే లేదట, ఏ ఊరికి పోయినా గెలుపేనట, అవతలివాళ్ళు ఆట మొదలుకాకముందే వీళ్ళు బంతి కొట్టే తీరు చూసి సగం నీరుగారిపోయేవారట. ఆ పిల్ల ఇక్కడ కోయంబత్తూరులో తన బడి తరఫున అదే ఆట ఆడుతుంది గనక దానికి ఆ జట్టంటే పటం కట్టించి పూజగదిలో పెట్టేంత భక్తి. ఇలాంటి టీము లోకంలో ఇంకొకటి పుట్టలేదు తాతా అని తేల్చి చెప్పేసరికి నాకు ఒళ్ళు మండింది. పుట్టింది, నీ ఎదురుగా కూర్చున్నవాడు అందులోనే ఆడాడు అన్నాను. అది నవ్వింది. వంటింట్లోంచి మా కోడలు కూడా నవ్వింది. ఇక రాయక తప్పదనుకున్నాను.

నా ఈడువాళ్ళకు ఎక్కువ చెప్పనక్కరలేదు. మిల్లు సంగు, అంటే సైరను, ఊదితే ఊరంతా లేచే రోజులవి, ప్రతి మిల్లుకూ ఒక జట్టు ఉండేది, ఆ జట్టులో ఆడేవాడికి నూలు విభాగంలో ఉద్యోగమూ, సాయంత్రం ఆటకు గంట ముందు సెలవూ, క్యాంటీనులో ఇంకో రెండు ఇడ్లీలూ దొరికేవి. మేము ఆడింది బాల్ బ్యాడ్మింటన్. అరవంలో పూప్పందు అంటారు. పసుపుపచ్చని ఉన్నిబంతి, వైపుకు ఐదుగురు, మధ్యలో వల, పైన ఆకాశం. ఇప్పటి పిల్లలకు బ్యాడ్మింటన్ అంటే గదిలో ఆడేది, ఈకల బంతితో ఆడేది. మాది ఎండలో, మట్టిలో, గాలిలో ఆడే ఆట. ఆ ఏడాది మా మిల్లు జట్టు ఎక్కడా ఓడలేదు, ఆఖరి పోటీ దాకా ఒక్క గేము కూడా చేజార్చుకోలేదు. గొప్పలకు పోతున్నానని అనుకునేవాళ్ళు అనుకోండి, నాకేమీ నష్టం లేదు.

ఐదుగురమూ తెలుగువాళ్ళమే. కోయంబత్తూరుకు పడమటగా, పాలక్కాడు కనుమవైపు తోటలున్న నాయుళ్ళ ఇళ్ళలో పుట్టినవాళ్ళం. ఈ నేలకు ఎప్పుడొచ్చామో మాకే సరిగ్గా తెలియదు, మా అవ్వను అడిగితే ఒకసారి రాజుల కాలమనీ ఇంకోసారి కరువు కాలమనీ నోటికొచ్చినట్టు చెప్పేది. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. బడిలో మాకు తెలుగు అక్షరం దిద్దబెట్టినవారు లేరు. ఈ రాత నేను మిల్లు పని మానుకున్నాక తీరిగ్గా కూర్చుని నేర్చుకున్నది, అందుకని నా వాక్యాలు ఎక్కడైనా అరవం వాసన వేస్తే సర్దుకోండి.

జట్టుకు నాయకుడు మా మామ, అంటే మా అమ్మకు చివరి తమ్ముడు. నాకంటే కొంచెమే పెద్ద, కానీ మామ మామే కదా, పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. నడిమిచోటు ఆయనది, వెనకచోటు నాదీ మా బావదీ, ముందు వరసలో మా పాలివాళ్ళ పిల్లలు అన్నదమ్ములిద్దరు. మామ గొంతు గురించి ఒక మాట చెప్పాలి. ఆయన మామూలుగా మాట్లాడినా పక్క తోటలోవాళ్ళు ఏమిటని అడిగేవారు. ఆ గొంతు బావి దగ్గర తయారైంది.

ఎట్లాగంటే, మా అమ్మ పుట్టింటి తోటలో నీళ్ళు తోడేది కపిలతో. తోలుసంచికి మోకు కట్టి, ఎద్దుల జతను పల్లంలోకి తోలితే సంచి పైకొచ్చి తొట్టిలో నీళ్ళు గుమ్మరిస్తుంది, ఎద్దులు వెనక్కి నడిస్తే సంచి మళ్ళీ బావిలోకి దిగుతుంది. బావి దగ్గర ఎద్దులను తోలేవాడొకడు, దూరంగా మళ్ళలో పార పట్టుకుని మడవ తిప్పేవాడొకడు. మడవంటే కాలవ గట్టులో నీళ్ళకు తెరిచే దారి. ఒక మడి నిండగానే దాని మడవ మూసి పక్కమడికి తెరవాలి, ఆలస్యమైతే గట్టు తెగుతుంది. అందుకని ఇద్దరికీ మధ్య అరుపులు నడుస్తూనే ఉండేవి: మడి నిండితే నిండె అని, మార్చమంటే తిప్పు అని, గట్టు తెగితే గండి పడె అని. మామ చదువు మానేసిన దగ్గర్నుంచీ ఎద్దులు తోలింది ఆయన, సెలవుల్లో మడవ తిప్పింది నేను. మా తాత గట్టుమీద నిలబడి ఇద్దరినీ తిట్టేవాడు.

ఎండాకాలం పోయాక వచ్చే అరవ నెలలు ఆని, ఆడిల్లో కనుమలోంచి గాలి దిగుతుంది చూడండి, ఆ గాలి తెలియనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. కొబ్బరిచెట్లన్నీ ఒకే పక్కకు ఒంగిపోతాయి, తలపాగా నిలవదు, మామ గొంతంతటి గొంతు కూడా పదడుగుల్లో ఎగిరిపోతుంది. అలాంటి పొద్దున తాత బయటికొచ్చి ఆకాశంకేసి చూసి, ఇవాళ గాలిరోజురా అనేవాడు. అంటే నోరు మూసుకుని కళ్ళు తెరవమని. ఆ రోజున మా వైపు తోటలన్నిట్లోనూ సైగలే. అరచేయి నేలవైపు పెట్టి మెల్లగా కిందికి ఆడిస్తే ఇంకా నిండలేదు, తోలుతూ ఉండు అని. చేయి పక్కకు విసిరితే తిప్పుతున్నానని. అన్నీ తడిశాక పారను రెండు చేతులతో తలపైకెత్తి పట్టుకుంటే, చాలు, ఎద్దులను విప్పేయి అని. ఎండలో పొద్దంతా నిలబడ్డవాడికి ఆ ఎత్తిన పార కనిపిస్తే ఎంత సుఖమో, ఆ పని చేసినవాళ్ళకే తెలుసు.

ఆ బావి అరుపులనే మామ ఆటలోకి తెచ్చాడు. అవతలివాళ్ళు ఒక మూలకు చేరితే నిండె అనేవాడు, బంతిని ఇంకో పక్కకు కొట్టమంటే తిప్పు, వాళ్ళ వరసలో సందు కనబడితే గండి. మేము ఆలోచించనక్కరలేదు, చెవిన పడగానే చెయ్యి దానంతటదే ఆడేది. అవతల ఉన్నవాళ్ళందరూ అరవవాళ్ళు. ఈ కోయంబత్తూరువాళ్ళు ఏదో మంత్రం చదువుతున్నారని ఒకచోట గొడవ కూడా పెట్టారు. రెఫరీ మా మామను పిలిచి ఏమంటున్నావని అడిగితే, మామ ఏ మాత్రం తొణకకుండా కారమడై రంగనాథుణ్ణి తలుచుకుంటున్నానని చెప్పాడు. అబద్ధమనడానికి లేదు, ఆ ఏడాది మొదట్లో మా బ్యాట్లన్నీ ఆ స్వామి సన్నిధిలో పెట్టి తెచ్చుకున్నవే.

అసలు ఆ ఏడాది అంత కసిగా ఆడటానికి కారణం మా తాత. కొడుకులు ఒక్కొక్కరే మిల్లుకు పోయారు, మిగిలినవాడు మామ ఒక్కడే, అతనూ మిల్లుకు పోయి అక్కడ పని చేయకుండా బంతి కొడుతున్నాడని ఊళ్ళో చెప్పుకోవడం తాతకు తలకొట్టేసినట్టుండేది. ఎద్దులు తోలడానికి మనిషి నిలవడం లేదు, తన మోకాళ్ళు సహకరించడం లేదు. ఆ తెలుగు సంవత్సరాది పండుగ పొద్దున అందరి ముందూ మామకు చెప్పేశాడు, ఈ ఒక్క ఏడే నీకు, మదురైలో జరిగే పెద్ద కప్పు తెస్తే ఇంక నిన్ను అడగను, తేలేకపోతే ఆ బ్యాటు అటకమీద పెట్టి బావి దగ్గరకు వచ్చేయి అని. మామ సరే నైనా అన్నాడు. ఆ ఇంట్లో మాట అంటే మాటే. ఆయన్ను బావి దగ్గర మోకు పట్టుకుని ముసలివాడైపోయినట్టు ఊహించుకుంటే నాకు అన్నం సయించేది కాదు.

ఇక మొదలుపెట్టాము. మిల్లుకు పత్తి తెచ్చే లారీలు ఖాళీగా తిరిగిపోయేటప్పుడు వాటిలో ఎక్కేవాళ్ళం, ఒంటినిండా పత్తి అంటుకుని పందిట్లో పెళ్ళికొడుకుల్లా దిగేవాళ్ళం. పొల్లాచ్చిలో గెలిచాము, ఉడుమలపేటలో గెలిచాము, ఈరోడులో పేరున్న జట్టును ఎంత త్వరగా ముగించామంటే టీలు ఇచ్చేవాడు ఇంకా పాలు కాస్తూనే ఉన్నాడు. ఒట్టన్‌చత్రంలో పోటీ పెట్టింది కూరగాయల మండీవాళ్ళు, కప్పుతోపాటు మోపులు మోపులుగా మునక్కాయలు లారీలోకి ఎత్తించారు. ఇంటికొచ్చాక వీధివీధంతా మునక్కాయ సాంబారే, మునక్కాయ పులుసే, చివరికి మా అవ్వ ఇంకోసారి పోతే ఆ ఊళ్ళో మాత్రం ఓడిపోయి రండి అని వేడుకుంది. దిండుక్కల్లో మా ఆట చూడటానికి పక్కూళ్ళనుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. మా మిల్లు ముదలాళి, అదే యజమాని, నవ్వితే దంతాలు అరిగిపోతాయన్నట్టుండే మనిషి, ఆయన కూడా ఒకరోజు షెడ్డులోకొచ్చి మామ భుజం తట్టి వెళ్ళాడు. మాకు కళ్ళు నెత్తికెక్కాయి. ఎక్కవా మరి, ఎక్కాలి, అంత బాగా ఆడాము.

మదురైలో ఆఖరి పోటీకి ఎదురొచ్చింది దక్షిణాన నల్లరేగడి నేలల్లోని ఒక జిన్నింగు మిల్లు జట్టు. నల్లగా, బక్కగా, చాలా మర్యాదగా ఉన్నారు, అందరితోనూ అరవంలోనే మాట్లాడారు. ఆ వైపు మనవాళ్ళు ఊళ్ళకు ఊళ్ళే ఉన్నారని మాకు తెలియనిది కాదు. మా పెద్దత్తను ఇచ్చిన ఊరు కూడా అటే. కానీ గెలిచి గెలిచి మా బుర్రలో ఒక సంగతి గట్టిపడిపోయింది, తెలుగంటే మాది, మైదానంలో మాకు తప్ప ఇంకెవరికీ రాదు అని. అంతకంటే తెలివితక్కువతనం ఇంకోటి ఉంటుందా.

మొదటి గేములో మామ తిప్పు అంటే, బంతి తిరిగే చోట ముందే ఒకడు నిలబడి ఉండేవాడు. గండి అంటే ఆ సందు మూసుకుపోయేది. నాకు దేవుడు చెయ్యిచ్చాడనిపించింది. మామ ఇంకా గట్టిగా అరిచేవాడు, వాళ్ళు ఇంకా సులువుగా ఆడేవారు. ఆ ఏడాదంతా మాకు తెలియని పని, ఓడటం, ఎట్లా ఉంటుందో ఆ గేములో తెలిసింది. వైపులు మారేటప్పుడు వాళ్ళ వెనకచోటు మనిషి నన్ను దాటిపోతూ, చాలా మెత్తగా, మా ఇంటి తెలుగులాంటి తెలుగులోనే చెప్పాడు, "మడవ తిప్పేది మా ఇంట్లోనూ ఉండాదన్నా, మీ మామను కొంచెం మెల్లిగా చెప్పమను."

వైపు మారడం మాని వెనక్కి తిరిగాను. మామకు చెప్పాను. ఆయన ముఖం చూశాను, ఆ క్షణంలో ఆయన చూస్తున్నది మదురై మైదానం కాదు, మోకూ, తోలుసంచీ, ఎద్దుల వెనకభాగాలూ. మిగతావాళ్ళు తలా ఒకటి అన్నారు. అరవంలో చెబుదామని ఒకడు, ఊరంతటికీ అరవం వచ్చని ఇంకొకడు. మాటలు తలకిందులు చేద్దామన్నాడు మా బావ, ముందు మనమే తికమకపడి ఒకరినొకరం గుద్దుకుంటామన్నాడు మామ. సున్నపుగీత పక్కన కూర్చుని నీళ్ళు తాగాడు. చెంబు కింద పెట్టి లేచి, అవతలివాళ్ళకు వినబడినా లెక్కచేయకుండా, అలవాటైన ఆ పెద్ద గొంతుతోనే అన్నాడు, "గాలిరోజు అనుకోండిరా."

అంతే. మా నలుగురికీ వేరే మాట అక్కర్లేకపోయింది. అవతలివాళ్ళకూ వినబడింది, మాటకు మాట అర్థమైంది కూడా. తలలెత్తి చెట్లకేసి చూశారు. మదురై ఎండలో ఒక్క ఆకు కదలడం లేదు. వాళ్ళలో ఒకడు చిటికెడు మట్టి తీసి పైనుంచి వదిలి చూశాడు, అది తిన్నగా వాడి కాళ్ళమీదే పడింది. బావులున్నా కనుమకు దూరంగా నల్లరేగడిలో ఉండేవాళ్ళు, వాళ్ళకు కనుమగాలి ఎక్కడిది. భాష ఇద్దరిదీ ఒకటే, గాలి మాత్రం మాది.

మామ తన నడిమిచోటు వదిలి ముందు వరసకు పోయి వలకు దగ్గరగా నిలబడ్డాడు, నలుగురికీ కనబడేట్టు. కుడిచేతిలో బ్యాటు, ఎడమచేయి నడుము వెనక. ఆ చేయి పక్కకు విసిరితే తిప్పాము, కిందికి ఆడిస్తే ఓపికపట్టి తిరగకొడుతూ కూర్చున్నాము. అంతగా అరిచే జట్టు ఒక్కసారిగా మూగబోయేసరికి జనం కూడా నిశ్శబ్దమైపోయారు, ఉన్నిబంతి బ్యాటుకు తగిలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. రెండో గేము గెలిచాము. మూడోదానిలో వాళ్ళు వదల్లేదు, నిజంగా మంచి ఆటగాళ్ళు, చివరిదాకా వెంటపడ్డారు. ఆఖరి బంతి నా వైపే వచ్చింది. మామ చేయి ఇంకా నిండలేదు అని ఆడుతూనే ఉంది, నాకు కొట్టేయాలని ప్రాణం లాగేస్తోంది, అయినా ఓపికపట్టి ఒకసారి ఎత్తిపంపాను, మళ్ళీ ఎత్తిపంపాను, అప్పుడు చేయి పక్కకు తిరిగింది, కొట్టాను. అది పడిన చోట ఎవరూ లేరు. ఇన్నేళ్ళయినా ఆ చోటు నాకు కళ్ళకు కట్టినట్టుంటుంది.

ఆట అయ్యాక ముందు జరిగింది ఏమిటనుకున్నారు, ఇంటిపేర్లు అడుక్కోవడం. అరగంటలో వాళ్ళలో ఇద్దరు మాకు వరసకు బావలయ్యారు, అందరం ఒకే పంక్తిలో భోంచేశాము, మెల్లిగా చెప్పమన్న ఆ మనిషి చెల్లెల్నే మరుసటేడు మా బావ చేసుకున్నాడు. ఆమె ఇప్పటికీ ఎప్పుడైనా మాటొస్తే, మొదటి గేము మావాళ్ళదే కదా అంటుంది.

మదురైనుంచి బస్సులో వచ్చి తెల్లవారేసరికి దిగి తిన్నగా తోటకే నడిచాము, మామా నేనూ. ఆని నెల పుట్టింది, గాలి లేచింది, కొబ్బరిచెట్లు ఒంగిపోతున్నాయి. దూరంగా బావి దగ్గర మా తాత, ఆ మోకాళ్ళతో, తానే ఎద్దులను తోలుతున్నాడు. మామ నైనా అని కేకవేశాడు, గాలి ఎత్తుకుపోయింది. ఇంకోసారి వేశాడు. లాభం లేక గట్టుమీదకెక్కి కప్పును రెండు చేతులతో తలపైకెత్తి పట్టుకున్నాడు. గుర్తుపెట్టుకుని చేశాడో అప్రయత్నంగా చేశాడో ఆయన ఎన్నడూ చెప్పలేదు. తాత చూశాడు. కళ్ళకు చేయి అడ్డంపెట్టుకుని చాలాసేపు చూశాడు. తరువాత వంగి ఎద్దులను విప్పేశాడు. నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గులేదు, మామకూ వచ్చింది. ఆ తరువాత తాత మామను బావి దగ్గరకు పిలవలేదు. ఆ ఏడే కరెంటు మోటరు పెట్టించాడు.

ఇప్పుడు ఆ మిల్లు లేదు, ఆ చోట పెళ్ళిమండపం ఉంది. తోటల్లో సగం ఇంజనీరింగు కాలేజీలయ్యాయి. పూప్పందు ఆడేవాళ్ళు ఎక్కడో బళ్ళలో కొందరున్నారని విన్నాను. కనుమగాలి మాత్రం ఏటేటా వస్తూనే ఉంది, దాన్ని కరెంటుకు వాడుకుంటున్నారు. జట్టులో మిగిలింది నేనూ మామా. ఆయన గొంతులో పుండు పుడితే డాక్టర్లు ఆ గొంతునే తీసేశారు, తోటలన్నీ దాటి వినబడే ఆ గొంతును.

మొన్న ఆదివారం మనవరాలి ఆట ఉంటే మామను కూడా ఆటోలో ఎక్కించుకుని పోయాను. వాళ్ళ కోచ్ గీత బయట నిలబడి టోపీ ముట్టుకుంటాడు, చెవి ముట్టుకుంటాడు, మోచేయి నిమురుతాడు, పిల్లలు దాన్నిబట్టి ఆడతారు. మామ అది చూసి మోచేత్తో నన్ను పొడిచి, ముసిముసిగా నవ్వాడు. మా పిల్ల దిట్టంగా కొట్టింది, గెలిచింది. ఫోనులో చూపించిన ఆ జట్టులో పెట్టినా తీసిపోదు, నిజం.

అందరూ లేచిపోయాక ఆయన కుర్చీలోనే ఉండిపోయాడు. పోదామా అన్నాను. ఆయన మైదానంకేసి కాదు, నాకేసి చూస్తూ, చేతికర్రను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తలపైకెత్తాడు. ఎంతకీ దించలేదు. అది ఇంటికి పోదామనడం కాదని నాకు తెలిసింది. అక్కడ అంతమంది పిల్లలున్నారు, తల్లిదండ్రులున్నారు, ఆ మాట చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. రేపు నేను కర్ర ఎత్తిననాడు ఆ మాత్రం చదివేవాడు కూడా ఉండడు. పొద్దంతా ఎండలో నిలబడ్డవాడికి అది ఎంత సుఖమైన మాటో నాకు తెలుసు, అయినా నేను ఒప్పుకోలేదు. అరచేయి నేలవైపు పెట్టి కిందికి ఆడించాను. ఆయన కర్ర దించి, నా భుజం పట్టుకుని లేచాడు.